కనిపించే చప్పుడు

మా ఆఫీసులో అతన్ని అందరూ పానా అంటారు. ప్యాంటు వెనక జేబులో ఎప్పుడూ నట్లు బిగించే పానా ఒకటి ఉంటుంది. కూర్చున్నప్పుడల్లా అది గుచ్చుకుంటుంది, "అబ్బా" అని లేస్తాడు, అయినా తీసి పక్కన పెట్టడు. పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. మా ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు కాబట్టి నన్ను వదినా అంటాడు. నేను అదే కంపెనీలో ఫిర్యాదుల ఫోను ఎత్తుతాను. ఎవరి లిఫ్టు ఆగినా మొదటి తిట్టు నాకు, రెండోది అతనికి.

ఊళ్ళో సగం మందిని పైకీ కిందకీ తిప్పే ఈ మనిషి ఉండేది మాత్రం లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. రెండు గదులు. ఒకదాంట్లో అతను, ఇంకోదాంట్లో వాళ్ళక్క. ఆవిడకు తొమ్మిదో ఏట జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఇప్పుడు నలభై రెండేళ్ళు. బైండింగ్ షాపులో పుస్తకాలు కుడుతుంది. ఆవిడ కుట్టిన పుస్తకం అట్ట చిరిగినా కుట్టు ఊడదు. మాటలు చేతులతో. కోపం మాత్రం మొహంతో. అది నేర్చుకోకుండానే అందరికీ అర్థమవుతుంది.

ఈ అక్కగారికి ఒక పిచ్చి ఉంది. కంప్యూటర్లో ఆట. అందులో మనం ఒక టపామనిషి. అడవి దాటి ఉత్తరాలు మోసుకెళ్ళాలి. తోడేళ్ళు వెనకనుంచి వస్తాయి. వచ్చేముందు ఎండుటాకులు నలిగిన చప్పుడవుతుంది. వినపడేవాళ్ళు పరిగెత్తి చెట్టెక్కుతారు. అక్కకు ఆ చప్పుడు తెలిసే దారే లేదు. ఒక ఆదివారం ఒకే వంతెన దగ్గర పద్నాలుగుసార్లు చచ్చి, మౌస్ తీసుకుని గోడకేసి కొట్టింది.

ఆ ముక్కలు ఏరుతూ తమ్ముడు ఒక నిర్ణయానికొచ్చాడు. ఈ ఆటకు తనే ఒక మోడ్ చేయాలని. మోడ్ అంటే, ఆట తయారుచేసిన కంపెనీతో సంబంధం లేకుండా, ఆడేవాళ్ళలో ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని ఆ ఆటకు సొంతంగా కుట్టి తగిలించే అతుకు. కొందరు కొత్త దారులు చేరుస్తారు, కొందరు అక్షరాలు పెద్దవి చేస్తారు. ఎవరూ చేయమనరు. ఎవరూ జీతమివ్వరు. చేసి అందరికీ ఉచితంగా పెట్టేస్తారు.

పానాకు కోడ్ రాయడం రాదు. లిఫ్టు కంట్రోల్ ప్యానెల్ బొమ్మలు చదవడం వచ్చు. "ఏ తీగ ఎక్కడికి పోతుందో పట్టుకుంటే చాలు వదినా, మిగతాదంతా ఓపికే" అన్నాడు. పొద్దున్నే ఐదింటికి లేచి, ఏడున్నరకు డ్యూటీకి బయల్దేరేదాకా కూర్చునేవాడు. ఏడు నెలలు పట్టింది. చివరికి ఆటలో ఎక్కడ చప్పుడైనా తెరమీద ఆ వైపున చిన్న వెలుగు గీత కనపడేట్టు చేశాడు. తోడేలైతే ఎరుపు, నీళ్ళైతే నీలం, పక్షులైతే పసుపు. అక్క ఆ వంతెన దాటిన రోజున ఇద్దరూ మెట్లు దిగి మా ఇంటికొచ్చి చెప్పారు. ఆవిడ చేతులు ఎంత వేగంగా కదిలాయంటే, అతను మాకు చెప్పలేక ఆగిపోయాడు.

ఆ మోడ్‌కు "కనిపించే చప్పుడు" అని పేరుపెట్టి, మోడ్‌లు పంచుకునే వెబ్‌సైట్‌లో పెట్టాడు. వినపడనివాళ్ళు తీసుకున్నారు. పసిపిల్ల పక్కన నిద్రపోతుంటే చప్పుడు లేకుండా ఆడుకోవాలనుకునేవాళ్ళు తీసుకున్నారు. మూడేళ్ళలో నలభై వేలమంది తీసుకున్నారు. బాగుందని రాసినవాళ్ళు ఎందరని ఒకసారి అడిగాను. "చేతివేళ్ళు, ఇంకొక కాలివేలు" అన్నాడు.

దానికీ బాధపడలేదు. అసలు గొడవ కంపెనీ ఆటను అప్‌డేట్ చేసిన రోజున మొదలైంది.

కొత్త రంగులు, కొత్త గుర్రాలు ఏవో వచ్చాయి. వాటితోపాటు పానా మోడ్ ఆగిపోయింది. గీతలు లేవు. కొందరికి ఆట తెరుచుకోనే లేదు. అతను ఆ రోజు ఒక ఆసుపత్రి లిఫ్టు గుంతలో నడుం వరకు గ్రీజులో ఉన్నాడు. మధ్యాహ్నం పైకొచ్చి, అన్నం డబ్బా విప్పి, ఫోను చూశాడు. అరవై రెండు మెసేజ్‌లు.

"పనిచేయట్లేదు."

"పనిచేయట్లేదు, చూడు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చేతకానప్పుడు ఎందుకు పెట్టావ్?"

"బతికే ఉన్నావా?"

ఆ సాయంత్రం ఆఫీసుకొచ్చి ఫోను నా బల్లమీద పెట్టాడు. "చదువు వదినా. పనిచేయట్లేదట. ఏది పనిచేయట్లేదు? ఎక్కడ ఆగింది? ఏ వెర్షన్? ఒక్కడైనా చెప్పాడా?"

"నాకు రోజూ ఇదేగా. లిఫ్టు పనిచేయట్లేదంటారు, ఏ బిల్డింగో చెప్పకుండా పెట్టేస్తారు."

"నీకు జీతమిస్తున్నారు" అని విసురుగా అన్నాడు. నిజమే.

దానికి తోడు అదే నెలలో మా మేనేజర్ గారికి కొత్త ఆలోచన వచ్చింది. బిల్డింగుల వాళ్ళందరినీ మెకానిక్‌లతో కలిపి ఫోనులో గ్రూపు పెట్టారు. ఇక నేను మధ్యలో లేను, తిట్లు నేరుగా పానాకే. తలుపు గాడిలో గులకరాయి ఇరుక్కుంటే చాలు, నలుగురు నాలుగు ఫొటోలు పెట్టి "ఇదేనా సర్వీసు" అనేవాళ్ళు. ఎడమ జేబులో ఆఫీసు ఫోను, కుడి జేబులో సొంత ఫోను. రెండూ ఒకదాన్ని మించి ఒకటి మోగేవి. మనిషికి తల ప్రాణం తోకకొచ్చింది.

అక్క కూడా ఊరుకోలేదు. షాపులో భోజనం విరామంలో మెసేజ్ పెట్టేది. "అయిందా?" సాయంత్రం, "అయిందా?" మర్నాడు, చచ్చిపడిన టపామనిషి ఫొటో, కింద "మళ్ళీ". ఆవిడ దృష్టిలో అది వేళాకోళమే. తమ్ముడిని తమ్ముడిలాగే అడుగుతోంది. కానీ అతనికి అది అరవై మూడో మెసేజ్.

ఒక శనివారం ఇంట్లో పేలింది. ఆ సంగతి నాకు తర్వాత అతనే చెప్పాడు. టిఫిన్ ప్లేటు ముందు కూర్చుని అక్క చేతులు తిప్పి అడిగింది, "ఇవాళైనా అవుతుందా?"

ప్లేటు పక్కకు నెట్టేశాడు. "నువ్వు కూడా వాళ్ళలాగే. నేనేమన్నా నీ నౌకరునా?"

ఆవిడ "ఎవరు వాళ్ళు?" అని సైగ చేసింది. అతను చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. వినపడనివాళ్ళతో పోట్లాటలో ఒక చిక్కుంది. మొహం తిప్పుకుంటే మాటే ఆగిపోతుంది. అతను మూడు రోజులు మొహం తిప్పుకునే ఉన్నాడు.

ఆ మూడో రోజునే ఇంకొకటి చూశాడు. ఎవరో అతని మోడ్‌ను యథాతథంగా ఎత్తి, పేరు మార్చి, "నా కొత్త మోడ్" అని పెట్టుకున్నాడు. అది కూడా పనిచేయదు! పనిచేయని దాన్ని దొంగిలించడమేంటో. దాని కింద జనం ఆ దొంగను వదిలేసి, "అసలువాడు పట్టించుకోవట్లేదు, పాపం ఈయనైనా ప్రయత్నిస్తున్నాడు" అని రాస్తున్నారు. పానాకు ఒళ్ళు మండిపోయింది. తన మోడ్ మొత్తం వెబ్‌సైట్ నుంచి తీసేసి ఒకే ముక్క రాశాడు. "తీసేశాను. వెతకొద్దు."

ఊరుకుంటారా? తిట్లు రెట్టింపయ్యాయి.

ఈ తిట్ల సంగతేదీ తెలియని అక్క మంగళవారం మధ్యాహ్నం మా ఆఫీసుకొచ్చింది. వేళ్ళకు జిగురు ఇంకా ఆరలేదు. సంచిలోంచి చీటీ తీసి నా ముందు పెట్టింది. "వాడు నాతో మాట్లాడట్లేదు. మోడ్ తీసేశాడు. ఒంట్లో బాగోలేదా? ఉద్యోగం పోయిందా?"

నా కంప్యూటర్లో ఆ వెబ్‌సైట్ తెరిచి, కుర్చీ ఆవిడకిచ్చాను.

ఆవిడ చదివింది. పైనుంచి కిందదాకా, ఏదీ వదలకుండా. మధ్యలో ఫోను మోగితే నేను పక్కబల్ల దగ్గర నిలబడి మాట్లాడాను. తిరిగొచ్చేసరికి ఆవిడ మొహం తెల్లబోయి ఉంది. చీటీ వెనక్కి తిప్పి రాసింది. "ఇవన్నీ వాడు నాకోసం చేసినందుకా?"

అవునన్నట్టు తలూపాను.

"నాకెందుకు చూపించలేదు?"

ఆవిడ ఆ చీటీ మడిచి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మర్నాడు పానా మొహం కాస్త తేటగా కనిపించింది, అంతే.

తేటపడినా కోపం తగ్గలేదు. కొత్త కోపం ఒకటి పట్టుకొచ్చాడు. "అసలు తప్పు నాది కాదు వదినా. నా మోడ్‌ను ఆటలోకి పంపించడానికి ఒక చిన్న పరికరం కావాలి. లోడర్ అంటారు. దాన్ని ఎక్కడో ఉన్న ఒకావిడ చేసింది. వందల మోడ్‌లు దానిమీదే నడుస్తాయి. అది చెడిపోయుంటుంది. అడిగి పదహారు రోజులైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. చూడు."

ఫోను అందుకున్నాను. ఆవిడ పేజీ కింద వరసగా జనం రాసిన మాటలు. అందులో ఒకటి చదివి వినిపించాను. "మీ లోడర్ వల్ల నాది ఆగిపోయింది. ఎప్పుడు సరిచేస్తారు? జనం నన్ను తిడుతున్నారు." తలెత్తి అడిగాను. "ఎవడు వీడు? అచ్చం నాకు ఫోను చేసేవాళ్ళ గొంతులాగే ఉంది."

పానా ఫోనుకోసం చెయ్యి చాపాడు.

"ఎవరయ్యా?"

"నేనే" అన్నాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను. అతనికి నవ్వు రాలేదు. ఫోను లాక్కుని, తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు. నవ్వినందుకు నాకు ఆ రోజంతా తప్పు చేసినట్టే ఉంది.

రెండు రోజుల తర్వాత తనే వచ్చి కూర్చున్నాడు, "అబ్బా" అని లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "సరే వదినా, ఎలా అడగాలో నువ్వే చెప్పు. తొమ్మిదేళ్ళుగా వింటున్నావు కదా."

"నేను చెప్పడమెందుకు? ఎవరి దగ్గరనుంచి ఫోనొస్తే నువ్వు పరిగెత్తుకెళ్తావు?"

ఆలోచించే అవసరమే లేకపోయింది. "మార్కెట్ వెనక బిల్డింగు మామ్మగారు."

"ఏమంటుంది ఆవిడ?"

"'బాబూ, వాన పడిన రోజున మాత్రమే నాలుగో అంతస్తులో తలుపు రెండు వేళ్ళ సందు వదిలేస్తోంది, చెత్త ఉందేమోనని గాడి తుడిచి చూశాను, తగ్గలేదు' అంటుంది. 'మెట్లు ఎక్కగలను, తొందరేం లేదు, భోజనం చేసే రా' అంటుంది." చెప్తూ చెప్తూ ఆగిపోయాడు. "అలా చెప్తే సగం పని అయిపోయినట్టే. ఏ పనిముట్లు పట్టుకెళ్ళాలో ముందే తెలుస్తుంది."

"మరి రాయి."

ఇద్దరం కూర్చుని రాశాం. నాలుగుసార్లు కొట్టేశాం. మొదట్లో అతను సంజాయిషీ ఎక్కువ రాశాడు, దాంట్లో కూడా ఏడుపే వినిపిస్తోందని తీసేయించాను. చివరికి ఇలా వచ్చింది.

"నమస్తే అండి. మొన్న మీ పేజీలో మర్యాద లేకుండా రాసింది నేనే. క్షమించండి. మూడేళ్ళుగా మీ లోడర్ వాడుకుంటున్నాను, ఒక్కసారి కూడా బాగుందని చెప్పలేదు. మా అక్కకు వినపడదు. మీరు దారి వేయకపోతే ఆవిడ ఈ ఆట ఆడగలిగేది కాదు. అప్‌డేట్ తర్వాత నా మోడ్ తెరుచుకుంటోంది, కానీ ఒక్క చప్పుడునూ పట్టుకోవట్లేదు. మిగతా మోడ్‌లన్నీ తీసేసి ఇదొక్కటే పెట్టి చూశాను, అదే తీరు. లోడర్ పాత వెర్షన్‌తో చూశాను, అదీ అంతే. ఆట నడుస్తున్నప్పుడు తనంతట తాను రాసుకునే చిట్టా జతచేస్తున్నాను. తప్పు నాదే కావచ్చు. మీకు వీలున్నప్పుడు, ఓపికున్నప్పుడు చూస్తే చాలు. చూడలేకపోయినా ఏమీ అనుకోను. పరీక్షించడానికి మనిషి కావాలంటే పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా నేనున్నాను."

పంపించాడు. పంపించిన గంటకే జవాబు వచ్చిందేమోనని చూశాడు. "భోజనం చేసే రమ్మన్నాక ఫోను చేయకూడదు" అన్నాను. మూతి ముడుచుకున్నాడు. మర్నాడు కూడా చూశాడు. పది రోజులయ్యాక, "మర్యాదగా అడిగినా అంతే, అమర్యాదగా అడిగినా అంతే" అని విసుక్కున్నాడు. మర్యాద చేసేది తొందరగా పని అవుతుందని కాదు కదా అని అందామనుకుని, అప్పుడున్న మొహం చూసి మానేశాను.

పంతొమ్మిదో రోజున వచ్చింది.

"కుడి మణికట్టు విరిగింది. ఒంటిచేత్తో రాస్తున్నాను, పొట్టిగా ఉంటుంది. మీ చిట్టా చూశాను. తప్పు లోడర్‌ది కాదు. కంపెనీ వాళ్ళు ఆటలో చప్పుళ్ళ పేర్లన్నీ మార్చేశారు. మీ మోడ్ పాత పేర్లతో పిలుస్తోంది, అందుకే ఏదీ పలకట్లేదు. నాకు తెలిసిన కొత్త పేర్లు యాభై మూడు, కింద ఇచ్చాను. మిగతావి మీరే వెతుక్కోవాలి. ఈ నెలలో నాకు రెండు వందల పైచిలుకు ఉత్తరాలు వచ్చాయి. చిట్టా పంపింది మీరొక్కరే. మీ అక్కగారికి నా నమస్కారాలు. ఇంకో మాట, ఏడాది చివరికి నేను ఈ పని మానేస్తున్నాను. ఓపిక అయిపోయింది."

పానా దాన్ని రెండుసార్లు చదివాడు. "లోడర్‌ది తప్పు కాదట" అన్నాడు. తర్వాత, "మానేస్తుందట వదినా. ఎందుకు?"

"ఎందుకో నీకు తెలియదా?"

తెలుసు. మూడు వారాల క్రితం తన మోడ్ తీసేసి తనూ అదే పని చేశాడు. ఆవిడ పేజీలో తను రాసిన పాత ముక్క ఇంకా అలాగే ఉంది. చెరిపేద్దామని వేలు పెట్టి, ఆగి, దాని కిందే "ఇది నేను అనకుండా ఉండాల్సింది. తప్పు నా మోడ్‌లోనే ఉంది" అని రాశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

యాభై మూడు పేర్లు సరిపోవు. మొత్తం నూట ముప్ఫై దాకా ఉంటాయట. మిగతావి ఒక్కొక్కటీ విని, ఇది గుడ్లగూబా, ఇది బండి చక్రమా అని పోల్చుకోవాలి. పొద్దున్నే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అతను వింటుంటే, అక్క పక్కన కాగితం పెట్టుకుని రాసేది. ఆవిడ చేతిరాతలో "గుడ్లగూబ, దూరంగా", "గుడ్లగూబ, దగ్గరగా", "ఏదో తెలియదు, మళ్ళీ విను" అని పేజీలు నిండాయి. గుడ్లగూబ అరుపెలా ఉంటుందో తనకు చేతులతో చూపించమని అడిగి, అతను చూపించలేక తిప్పలు పడుతుంటే నవ్వేదట. ఆ పోట్లాట గురించి మళ్ళీ మాట్లాడుకున్నట్టు లేదు.

తోడేళ్ళు, నీళ్ళు, అడుగుల చప్పుడు అయ్యాయి. పక్షులు, వాన మిగిలిపోయాయి. అయినంతవరకు పెడదామంది అక్క. ఒక ఆదివారం ఉదయం మోడ్ తిరిగి పెట్టాడు. పక్షులు, వాన ఇంకా కాలేదని పైనే రాశాడు.

నలభై నిమిషాలకు మొదటి మెసేజ్ వచ్చింది. "పక్షులు పనిచేయట్లేదు."

పానా ఫోను తీసి మంచం మీదకు విసిరేశాడు. అక్క దాన్ని తీసుకుంది. అప్పటినుంచి ఆ పేజీ ఆవిడదే. ముందు ఒక నోటీసు పెట్టింది. అది పానా రాసినట్టు మెత్తగా లేదు. "దీన్ని చేసింది మా తమ్ముడు. వారంలో ఆరు రోజులు వేరే పని చేస్తాడు. మీకు జవాబులు నేను రాస్తాను. ఆటలో ఎక్కడున్నారు, ఏం చేస్తుండగా ఆగింది, సరిచేయడానికి మీరేం ప్రయత్నించారు, ఇవి రాసి చిట్టా జతచేస్తే వాడికి చూపిస్తాను. ఉత్తి 'పనిచేయట్లేదు' అని రాస్తే చూపించను. ఎప్పుడవుతుందని అడిగితే అసలే చూపించను, ఎందుకంటే నేను అడిగి చూశాను."

కొందరు అలిగి వెళ్ళారు. ఒకడు ఆవిడను కూడా తిట్టాడు. ఆవిడ దాన్ని అచ్చువేసి షాపుకు తీసుకెళ్ళి అట్టల మధ్య అతికించేసిందట. మిగిలినవాళ్ళలో కొందరు నిజంగానే వివరంగా రాయడం మొదలుపెట్టారు. ఒక పెద్దమనిషి వాన చప్పుడు పేర్లు పదకొండు తనే వెతికి పంపాడు. అందరూ మారిపోయారని చెప్పను. మారలేదు. దొంగిలించినవాడి మోడ్ ఇప్పటికీ అక్కడే ఉంది, ఎన్నిసార్లు రాసినా ఆ వెబ్‌సైట్ వాళ్ళు తీయలేదు. ఆ సంగతి ఎత్తితే పానా ఇప్పటికీ పళ్ళు నూరుతాడు.

లోడర్ చేసినావిడకు అక్క, పానా, ఇంకొందరు కలిసి ఉత్తరం రాశారు. ఉండిపొమ్మని అడగలేదు, అది అక్క పెట్టిన షరతు. ఇన్నాళ్ళూ చేసినందుకు నమస్కారం చెప్పి, దానివల్ల తమకేం మేలు కలిగిందో ఒక్కొక్కరూ రెండేసి వాక్యాలు రాశారు. ఆవిడ సంతోషించింది. అయినా అన్నట్టే ఏడాది చివరికి మానేసింది.

ఎవరో ఒకరు తీసుకోకపోతే వచ్చే అప్‌డేట్‌కు వందల మోడ్‌లు ఒకేసారి ఆగిపోతాయి. ముగ్గురు ముందుకొచ్చారు. అందులో ఒకడు మా పానా.

"నీకు బుద్ధుందా?" అన్నాను. "ఒకచోట తింటున్న తిట్లు చాలవా?"

"చాలు వదినా. కానీ నేనూ మూడేళ్ళు ఉత్తినే వాడుకున్నాను కదా" అన్నాడు, మొహం మాడ్చుకునే. అంతలో ఎడమ జేబులో ఫోను మోగింది. ఏదో బిల్డింగులో తలుపు మూసుకోవట్లేదట. ఏ బిల్డింగో చెప్పలేదు.